ఇంట్లో సవర, సంతలో తెలుగు, బళ్లో ఒడియా: పిల్లల చదువును న్యాయంగా కొలవడం ఎలా?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు దగ్గర, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్, రాయగడ వైపు బడుల్లో పనిచేసే టీచర్లు, ఊళ్లో ట్యూషన్లు చెప్పే కుర్రాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది. "పేపరు మీద సున్నా వస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే టకటకా చెప్తాడు. ఏ మార్కు వేయమంటారు?" దాని వెనకే ఇంకోటి: "పోనీలే పాపం అని నాలుగు మార్కులు కలిపేస్తే తప్పా?"

రెండోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. జాలి మార్కులు కలపొద్దు. అవి పిల్లకి ఏం వచ్చో చెప్పవు, ఏం రాలేదో కప్పేస్తాయి. ఆరో తరగతికి వెళ్లాక ఆ లోటంతా పిల్ల నెత్తినే పడుతుంది. చేయాల్సిన పని ప్రశ్న దగ్గర ఉంది. లెక్కల ప్రశ్నలో లెక్క ఎంత కష్టంగా ఉండాలో అంతే ఉండనివ్వండి. భాష, లిపి, తెలియని వస్తువులు, భయం, ఇలా లెక్కతో సంబంధం లేని అడ్డాలన్నీ తీసేయండి. అప్పుడు వచ్చిన మార్కు ఏదైనా సరే, ధైర్యంగా వేయొచ్చు.

ఒక హద్దు కూడా చెప్పాలి. ఈ పద్ధతి క్లాసు టెస్టులకి, యూనిట్ పరీక్షలకి, ట్యూషన్లో పెట్టుకునే పరీక్షలకి. పై నుంచి వచ్చిన ప్రశ్నపత్రంతో జరిగే పరీక్షలో హాల్లో నిలబడి అనువాదం చెప్పడం మొదలుపెడితే పిల్లలకీ మీకూ ఇబ్బందే.

కావలసినవి

- ఒక నోటు పుస్తకం. పిల్లకో పేజీ.
- ప్రశ్నపత్రం, దానితో పాటు దిద్దడానికి ముందే రాసుకున్న జవాబుల కాగితం.
- చింతపిక్కలు గానీ పుల్లలు గానీ ఓ గుప్పెడు, కొన్ని పది రూపాయల, రూపాయి కాగితం నోట్లు (మీరే కత్తిరించి చేసుకున్నవి).
- సవర గానీ కువి గానీ (రెండూ ఇక్కడి గిరిజన భాషలే) బాగా వచ్చిన పెద్ద మనిషి ఒకరు. మీకే వస్తే అదృష్టం.
- తరగతికి ఒక పూట అదనపు సమయం. అంతకంటే తక్కువలో అవుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

1. ఏం కొలుస్తున్నారో ఒక వాక్యంలో రాసుకోండి

ప్రతి ప్రశ్న పక్కనా రాయండి. "రెండంకెల సంఖ్యల తీసివేత వచ్చా?" "నీరు ఆవిరవడం అర్థమైందా?" "ఒడియాలో చదివి అర్థం చేసుకోగలదా?" ఇందులో మూడోది మాత్రమే ఒడియా గురించి. మొదటి రెండింట్లో ఒడియా రాకపోతే మార్కు పోకూడదు. మూడోదాంట్లో పోవాలి. ఈ చిన్న వాక్యం రాసుకోకుండా ముందుకెళితే, తర్వాత దిద్దేటప్పుడు ఒక్కో పిల్లకి ఒక్కో రకంగా మనసు మారిపోతుంది. ఎక్కువ అన్యాయం జరిగేది అక్కడే, అదీ చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండానే.

2. ఎవరిది ఏ భాషో తెలుసుకోండి

నోటు పుస్తకంలో పిల్ల పేజీ మీద నాలుగు సంగతులు: ఇంట్లో ఏ భాష, ఆటలో ఏ భాష, ఏ లిపి చదవగలదు, బడికి ఏ నెలల్లో రావడం తగ్గుతుంది.

జాగ్రత్త: క్లాసులో నిలబెట్టి "మీ ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని అడగొద్దు. నలుగురిలో సవర పేరు చెప్పడానికి వెనకాడి చాలామంది "ఒడియా" అనో "తెలుగు" అనో అనేస్తారు. మధ్యాహ్నం భోజనం వరసలో, ఆటలో చెవి పెట్టండి. పిల్లలు కొట్టుకునేటప్పుడు వచ్చే భాషే ఇంటి భాష. తల్లి సంతకి వచ్చినప్పుడు మాట కలపండి.

ఇక్కడ తెలుగువాళ్లం చేసే పొరపాటు ఒకటుంది. సవర పిల్ల మనతో తెలుగులో రెండు మాటలు మాట్లాడితే, తెలుగులో అడిగితే చాలనుకుంటాం. సంతలో బేరం చేయడానికి సరిపోయే తెలుగు వేరు, "ఎందుకు" అని అడిగితే కారణం చెప్పడానికి కావలసిన తెలుగు వేరు. ఆ పిల్లకి మన తెలుగు కూడా ఒడియా లాగే పరాయి భాష. అలాగే గుణుపురంలో తెలుగింటి పిల్లవాడు వీధిలో ఒడియా గడగడా మాట్లాడతాడు గానీ పాఠ్యపుస్తకం ఒడియా దగ్గర ఆగిపోతాడు. మాట్లాడటం చూసి చదువు అంచనా వేయకండి.

3. ప్రశ్నని తిరగరాయండి, తర్వాత ఆ తిరగరాసిన ప్రశ్ననే పరీక్షించండి

ఒక ప్రశ్న తీసుకుందాం, నాలుగో తరగతిది.

"ఒక వ్యాపారి డజను అరటిపండ్లను 60 రూపాయలకు కొనుగోలు చేసి, ఒక్కొక్కటి 7 రూపాయల చొప్పున విక్రయించిన యెడల అతనికి కలిగిన లాభమెంత?"

మనం కొలవాలనుకున్నది 12ను 7తో గుణించి 60 తీసేయడం. కానీ పిల్ల ముందు నిలిచినవి "డజను", "కొనుగోలు", "చొప్పున", "విక్రయించిన యెడల", "లాభం". లెక్క మొదలయ్యే లోపే అయిదు చోట్ల ఆగాలి.

చాలామంది దీన్ని ఇలా మారుస్తారు: "నువ్వు 12 అరటిపళ్లు 60 రూపాయలకి కొన్నావు. సంతలో ఒక్కోటి 7 రూపాయలకి అమ్మావు. నీ చేతిలో ఎంత ఉంది?" తేలికైన మాటలే. కానీ పిల్ల "84" అంటుంది. అది తప్పా? అమ్మాక చేతిలో ఉన్నది 84 రూపాయలే. తప్పు మన ప్రశ్నలో ఉంది. "పెట్టిన 60 పక్కన పెడితే, నీకు మిగిలింది ఎంత?" అని చివరి వాక్యం ఉండాలి. అప్పుడు 24 వస్తుంది.

అందుకే తిరగరాసిన ప్రతి ప్రశ్ననీ ఆ తరగతి దాటిన పిల్లలిద్దరికి ముందు ఇచ్చి చూడండి. జవాబు అడగకండి. "ఇందులో ఏం అడిగారో నీ మాటల్లో చెప్పు" అనండి. వాళ్లు చెప్పింది మీరనుకున్నది కాకపోతే మళ్లీ రాయండి.

తిరగరాసేటప్పుడు చూసుకోవలసినవి:

వాక్యాలు చిన్నగా ఉండాలి, ఒక్కో వాక్యంలో ఒకే సంగతి ఉండాలి. "కానిది ఏది?", "కాకుండా మిగిలినవి ఏవి?" లాంటి ప్రశ్నలు ఎత్తేయండి, అవి భాషని పరీక్షిస్తాయి తప్ప పాఠాన్ని పరీక్షించవు. లిఫ్టు, క్రెడిట్ కార్డు, సముద్రపు ఓడ బదులు జీడిపిక్కలు, చింతపండు, పనస, కొండచీపుర్ల కట్టలు, వంశధార మీద వంతెన, గుణుపురం బస్సు వాడండి. అంకెలు మాత్రం మార్చకండి. అంకెలు తగ్గిస్తే ప్రశ్న తేలికైపోతుంది, అప్పుడు పోలికే పోతుంది.

ఇక్కడ ఇంకో ప్రమాదం. సవర పిల్లలకి ఎప్పుడూ చీపుర్ల లెక్క, టౌను పిల్లలకి బ్యాంకు లెక్క ఇచ్చుకుంటూ పోకండి. పిల్లలు ఇట్టే పసిగడతారు. అందరికీ అన్నీ కలిపి ఇవ్వండి. బ్యాంకు గురించి అడగాలంటే ముందు బ్యాంకు గురించి పాఠం చెప్పండి.

4. రెండు దఫాలుగా అడగండి

మొదట అందరూ కాగితం మీద రాస్తారు. రెండో రోజు, కాగితం మీద తక్కువ వచ్చిన వాళ్లనీ, అనుమానం వచ్చిన వాళ్లనీ ఒక్కొక్కరినీ పిలిచి, అవే ప్రశ్నలు వాళ్ల భాషలో నోటితో అడగండి. ఒక్కో పిల్లకి నాలుగైదు ప్రశ్నలు చాలు. చింతపిక్కలు, నోట్లు ముందు పెట్టండి. చెప్పినా, చేసి చూపినా జవాబే.

రెండు ఫలితాలనీ పక్కపక్కనే రాయండి, కలిపేయకండి. కాగితం మీద 2, నోటితో 8 వస్తే ఆ పిల్లకి లెక్క వచ్చు, ఒడియా చదవడం నేర్పాలి. రెండింట్లోనూ 2 వస్తే లెక్కే మళ్లీ చెప్పాలి. కాగితం మీద 8, నోటితో 3 వస్తే చూసి రాసిందేమో కనుక్కోండి, అరిచి మాత్రం కాదు. మొదటి రకం పిల్లని "వెనకబడింది" అని మూడో వరసలో కూర్చోబెట్టడం మన బడుల్లో రోజూ జరుగుతోంది. దానికి ఆ పిల్ల చదువే బలైపోతుంది.

సవర రాకపోతే? మూడు దారులున్నాయి. ఒడిశాలో 2007 నుంచి సవర, కువి, కుయి, కోయ లాంటి భాషల్లో మొదటి తరగతులు చెప్పే బహుభాషా బోధన నడుస్తోంది. మీ బళ్లో గానీ పక్క బళ్లో గానీ ఆ టీచరుంటే ఆవిడ్నో ఆయన్నో అడగండి. లేకపోతే అదే ఊరి తొమ్మిదో పదో తరగతి పిల్ల. అదీ కుదరకపోతే తల్లి. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి గారు ముందు తాను సవర నేర్చుకుని, తర్వాత సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. సరిగ్గా ఈ ఊళ్లలోనే జరిగిన పని అది. మనం కనీసం "ఎన్ని", "ఎందుకు", "చూపించు", "మళ్లీ చెప్పు" అనే మాటలైనా నేర్చుకోవచ్చు కదా.

మధ్యలో చెప్పే మనిషికి మూడు షరతులు పెట్టండి. ప్రశ్న మాత్రమే చెప్పాలి, దారి చూపకూడదు. పిల్ల చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాలి, బాగు చేసి చెప్పకూడదు. తప్పు జవాబుకి నవ్వకూడదు. సొంత అక్కనో అన్ననో కూర్చోబెట్టకండి, ఆగలేక జవాబు అందించేస్తారు.

అడిగాక ఆగండి. మనసులో పది దాకా లెక్కపెట్టండి. మనం రెండు సెకన్లు చూసి "రాదు" అని రాసేసుకుంటాం. క్లాసులో ఒడియాలో అడిగితే, పిల్ల ఆ ప్రశ్నని తన భాషలోకి తెచ్చుకుని, లెక్క చేసి, మళ్లీ ఒడియాలోకి మార్చుకోవాలి. పైగా తెలిసిన జవాబునే పెద్దవాళ్లు ఎందుకు అడుగుతున్నారో చాలామంది పిల్లలకి అంతుపట్టదు. మౌనం అంటే రాదని కాదు.

5. సంఖ్యలు: ఇక్కడ ఎక్కువసేపు ఆగండి

సరిహద్దు బడుల్లో అన్నిటికంటే ఎక్కువ మార్కులు అన్యాయంగా పోయేది ఇక్కడే.

తెలుగులో ముప్పై తొమ్మిది అంటే ముప్పై, దాని మీద తొమ్మిది. ఒడియాలో 39ని "అణచాళిశ" అంటారు, అంటే నలభైకి ఒకటి తక్కువ. మీరు డిక్టేషన్ చెబితే తెలుగు పిల్లకి చెవిలో పడేది "చాళిశ", నలభై. నలభై తర్వాతి సంఖ్య ఏదో ఒకటి రాసేస్తుంది. 29, 49, 59 దగ్గర కూడా ఇదే గొడవ. మహారాష్ట్రలో సిరోంచ వైపు మరాఠీ బడుల్లో చదివే మన పిల్లలకీ ఈ తిప్పలే, అక్కడ "ఏకోణచాళీస్".

సవరలో లెక్కింపు ఇంకా వేరు. పన్నెండు దాకా విడి పేర్లు, ఆపైన పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు అంటూ వెళ్లి, ఇరవై దగ్గర కొత్త మూట కడతారు. 33ని ఇరవై, పన్నెండు, ఒకటి అని చెప్తారు. పక్కాగా నిలిచిన లెక్క అది. ఆ పిల్ల 33 పిక్కలు తప్పు లేకుండా లెక్కపెట్టి, రాసేటప్పుడు పదుల చోట ఏం రాయాలి, ఒకట్ల చోట ఏం రాయాలి అని తడబడితే, లెక్కింపు రాదని రాయకండి. పదుల స్థానం రాయడం ఇంకా అలవాటు కాలేదని రాయండి. నేర్పాల్సింది అదే కాబట్టి.

ఇంకోటి అంకె ఆకారం. ఒడియా లిపిలో నాలుగు అంకె మనం రోజూ వాడే 8 లాగే ఉంటుంది. ఒడియా అంకెల పుస్తకం, మామూలు అంకెల క్యాలెండరు రెండూ చూసే పిల్ల 4 బదులు 8 అనుకుని కూడితే, కూడిక తప్పు కాదు.

ఎలా తేల్చుకోవాలి? తప్పు వచ్చిన ప్రతి లెక్కకీ ఈ వరస పాటించండి:

- సంఖ్యని నోటితో చెప్పకుండా బోర్డు మీద మామూలు అంకెల్లో రాసి చేయించండి.
- అప్పటికీ తప్పొస్తే పిక్కలతో చేయించండి.
- పిక్కలతో కరెక్టు, అంకెలతో తప్పు అయితే రాత సమస్య. అంకెలతో కరెక్టు, చెవితో తప్పు అయితే భాష సమస్య. మూడూ తప్పైతేనే లెక్క రాలేదు.

6. దిద్దడం

పేరున్న మూల మడిచేసి దిద్దండి. ఇంటిపేరు చూడగానే మనకి తెలియకుండానే చెయ్యి ఒక పక్కకి వంగుతుంది. ఎవరి చెయ్యి అయినా అంతే.

ఒక పిల్ల పేపరు మొత్తం దిద్ది పక్కన పెట్టకండి. అందరి మొదటి ప్రశ్న, తర్వాత అందరి రెండో ప్రశ్న, అలా వెళ్లండి. మొదటి ప్రశ్నకి బాగా రాసిన పిల్ల మీద ఏర్పడిన మంచి అభిప్రాయం రెండోదాని మార్కుల్లో కలవదు.

ఈవీఎస్ (పరిసరాల విజ్ఞానం), సైన్సు పేపర్లలో ఒత్తు అక్షరాల తప్పులకి మార్కు కోయొద్దు. సవరలో ఖ, ఘ, ధ లాంటి ఒత్తు హల్లులు లేవు. మన పిల్లలూ మాట్లాడేటప్పుడు వాటిని పలకరు. వినని ధ్వనిని రాయమంటే ఎలా? తప్పుని గుర్తు పెట్టండి, భాషా పేపరులో నేర్పండి. భాషా పేపరులో మాత్రం కోయండి, అక్కడ కొలుస్తున్నదే అది. తెలుగు మాటో సవర మాటో మధ్యలో రాస్తే, భావం సరిగ్గా ఉంటే మార్కు వేసేయండి.

జవాబుల కాగితంలో లేని జవాబు వస్తే వెంటనే కొట్టేయకండి. "నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?" అంటే పుస్తకం "నది, చెరువు, బావి" అంటుంది. కొండ ఊరి పిల్ల "రాళ్ల సందులోంచి" అని రాస్తుంది. ఊట నీరు తాగే ఊరది. పూర్తి మార్కు.

7. రాని రోజు సున్నా కాదు

జీడిపిక్కలు ఏరే కాలంలో, పోడు పనులప్పుడు, ఊరి పండగల్లో పిల్లలు పరీక్షకి రారు. ఆ గడిలో 0 రాస్తే సగటు కుప్పకూలుతుంది. "రాయలేదు" అని రాయండి, వచ్చిన వారంలో వేరే అంకెలతో అదే స్థాయి పేపరు ఇవ్వండి. మీ నోటు పుస్తకంలో రాక తగ్గే నెలలు ముందే ఉన్నాయి కాబట్టి, మీ చేతిలో ఉన్న పరీక్షల తేదీలైనా వాటికి దూరంగా పెట్టుకోండి.

వినికిడి, చూపు సంగతి కూడా చూడండి. పరీక్షకి ముందు పిల్ల వెనక నిలబడి మెల్లగా పేరు పిలవండి. బోర్డు మీద రాసింది చివరి వరస నుంచి చదివించండి. అనుమానం వస్తే ఆసుపత్రికి పంపండి. వైకల్యం ఉన్న పిల్లలకి పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల నుంచి మినహాయింపు లాంటి మార్పులు చేయాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్ చెబుతోంది. అది ఎవరో దయతలిచి ఇచ్చేది కాదు, అడిగి తీసుకోవలసిన హక్కు.

ఫలితం సరిగ్గా వచ్చిందా? ఇలా చూసుకోండి

అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇది. ప్రశ్నల వారీగా గీతలు గీసి, ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలు ఎంతమంది కరెక్టు చేశారు, మిగతావాళ్లు ఎంతమంది చేశారు, వేసుకోండి. అన్ని ప్రశ్నల్లోనూ తేడా కొద్దిగా ఉండి, ఒక్క ప్రశ్నలో మాత్రం పెద్ద తేడా కనిపిస్తే, పిల్లల్ని వదిలేసి ప్రశ్నని అనుమానించండి. ఎక్కడో ఒక మాటో, బొమ్మో అడ్డుపడింది. ఆ ప్రశ్నని అందరికీ లెక్కలోంచి తీసేయండి, కొందరికే కాదు. తరగతిలో పిల్లలు తక్కువగా ఉంటే ఒక్క పరీక్ష చూసి తేల్చేయకండి, రెండు మూడు పరీక్షల లెక్కలు కలిపి చూడండి.

రెండోది: అయిదు పేపర్లు పేర్లు కనపడకుండా తోటి టీచరుకి ఇచ్చి దిద్దించండి. ఇద్దరి మార్కుల్లో తేడా ఎక్కువుంటే జవాబుల కాగితం సరిగ్గా రాయలేదన్నమాట.

మూడోది: రెండు వారాలాగి, అదే స్థాయి ప్రశ్న కొత్త అంకెలతో నోటితో అడగండి. నిజంగా వచ్చిన పిల్ల మళ్లీ చేస్తుంది.

"ఇదంతా మాకు అధికారం ఉన్న పనేనా?" అని అడిగేవాళ్లకి

ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్, వీలైనంత వరకు మాతృభాషలో బోధించాలనీ, పిల్ల అర్థం చేసుకున్నదాన్నీ దాన్ని వాడగలగడాన్నీ నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చేయాలనీ అంటుంది. మీరు చేస్తున్నది అదే. 2019 సవరణ తర్వాత 5, 8 తరగతుల్లో పరీక్ష పెట్టి, తప్పితే రెండు నెలల్లో ఇంకో అవకాశం ఇచ్చి, అప్పటికీ రాకపోతే అదే తరగతిలో ఉంచే అధికారం రాష్ట్రాలకి వచ్చింది. బడి నుంచి మాత్రం తీసేయకూడదు. అందుకే నాలుగో తరగతిలోనే భాష లోటు ఏది, లెక్క లోటు ఏది అన్నది విడదీసి పెట్టుకోవాలి. అయిదులో కూర్చుని టెన్షన్ పడితే లాభం లేదు.

తల్లిదండ్రులకి మార్కు ఒక్కటే చెప్పకండి. "మీ అమ్మాయికి తీసివేతలు వచ్చు, ఒడియా చదవడం ఇంకా నేర్పాలి, నేను నేర్పుతాను" అనండి, వాళ్లకి అర్థమయ్యే భాషలో. సంతకం పెట్టించుకుని పంపేయడం కంటే ఇది రెండు నిమిషాలే ఎక్కువ.

పిల్ల ఆరో తరగతికి వేరే బడికి వెళ్లేటప్పుడు, ముఖ్యంగా ఆశ్రమ పాఠశాలకి వెళ్లేటప్పుడు, నోటు పుస్తకంలో ఆ పేజీకి ఒక నకలు తీసి టీసీతో పాటు జతచేయండి. ఇంటి భాష, కాగితం మీద మార్కు, నోటితో మార్కు, ఈ మూడూ అందులో కనపడాలి. కుదిరితే కొత్త బడి లెక్కల టీచరుకి ఫోన్ చేసి ఆ పేజీ చూడమని చెప్పండి, లేకపోతే అది ఫైల్లోనే ఉండిపోతుంది.